మోగినట్టు భావించవలసిన సైరన్

వరద హెచ్చరికల డైరెక్టరేట్ అధిపతి పరాంకుశం గారు కొండల మీద జరిగిన మూడు రోజుల సదస్సుకి వెళ్ళి, ఒక ఊలు మఫ్లరునీ ఒక కొత్త జ్ఞానాన్నీ వెంటబెట్టుకుని దిగారు. గోదావరి గట్టున మే నెల ఎండకి మఫ్లరు పనికిరాదని గ్రహించి దాన్ని బీరువాలో పెట్టేశారు. జ్ఞానం విషయంలో మాత్రం అంత విచక్షణ చూపలేదు. ఈ కథ అక్కడే మొదలైంది.

సోమవారం సమీక్షా సమావేశంలో ఆయన లేచి నిలబడి, "మన డైరెక్టరేట్ బాగా లావెక్కిపోయింది" అన్నారు.

హాల్లో ఉన్న అధికారులంతా చప్పున పొట్టలు లోపలికి లాక్కున్నారు.

"మీరు కాదయ్యా, సాఫ్ట్‌వేర్! మన ప్రోగ్రాములన్నిటి కిందా ఒక సి లైబ్రరీ ఉంటుందట. అది రెండు మెగాబైట్లు. కణిక అని ఇంకో లైబ్రరీ ఉంది, ఆరు వందల కిలోబైట్లు. సదస్సులో తెర మీద పక్కపక్కన పెట్టి చూపించారు. అంటే ఇన్నేళ్ళూ ఈ రాష్ట్ర ప్రజానీకం నెత్తిన దాదాపు ఒకటిన్నర మెగాబైట్ల కొవ్వు పెట్టి మోయించామన్నమాట! తలుచుకుంటే సిగ్గేస్తోంది."

అలాంటి లైబ్రరీలు పది లక్షలు పట్టేంత ఖాళీ జాగా కింద మెషీన్ గదిలో ఈగలు తోలుకుంటోందన్న సంగతి ఆ హాల్లో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ వెనక వరసలో, ఫ్యాను గాలి తగలని కుర్చీలో కూర్చున్న నేదునూరి గంగాభవాని. హోదా ప్రోగ్రామర్. కేడర్ పాతది, కుర్చీ అంతకన్నా పాతది. ఆవిడ నోరు తెరవబోయింది గానీ, అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చేసింది. డైరెక్టరేట్‌లోని ప్రతి సాఫ్ట్‌వేరూ జూలై నెలాఖరులోగా కణిక మీదే కంపైల్ కావలెను. పాత లైబ్రరీ ఏ మెషీన్‌లోనూ మిగలరాదు. ఈ మహత్కార్యానికి కణికీకరణ అని పేరు పెట్టి, గుమ్మం మీద ఫ్లెక్సీ కట్టించారు. ఫ్లెక్సీలో పరాంకుశం గారి బొమ్మ ఆరడుగులుంది. దాని బరువు తగ్గించాలని ఎవరికీ తోచలేదు.

ఇక్కడ పాఠకులకి ఒక్క ముక్క చెప్పాలి. సి భాషలో రాసిన ప్రోగ్రాముని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చడాన్ని కంపైల్ చేయడం అంటారు, మార్చేది కంపైలర్. ఆ ప్రోగ్రాము అన్ని పనులూ తనే చేసుకోదు. పెళ్ళి వంటలో వంటాయన గరిటె తిప్పుతాడు గానీ, నీళ్ళు తోడేవాళ్ళూ కట్టెలు అందించేవాళ్ళూ వేరే ఉంటారు కదా. ఫైలు తెరవడం, గడియారం చూడడం, తీగ వెంట సంకేతం పంపడం లాంటి పనులకి ప్రోగ్రాము లైబ్రరీని కేకేస్తుంది. కణిక కూడా నిఖార్సైన లైబ్రరీయే. చిన్నది, చురుకైనది, సి భాషకి అందరూ ఒప్పుకున్న ప్రామాణికంలో ఉన్న ప్రతి పనీ శుభ్రంగా చేసిపెడుతుంది. ప్రామాణికంలో లేని పని అడిగితే మాత్రం మొహమాటం లేకుండా "నాకు రాదు" అంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో నిజం చెప్పింది అదొక్కటే అని ముందే మనవి చేస్తున్నాను.

డైరెక్టరేట్‌లో ఉన్న ఒకే ఒక్క అసలు సాఫ్ట్‌వేరు సైరన్ ప్రోగ్రాము. మిగతావన్నీ హాజరు పట్టీలూ సెలవు చీటీలూ. పదిహేడేళ్ళ కిందట ఒక వరదలో పొన్నగంటిలంక మునిగి, తొమ్మిది మంది పోయారు. అందులో భవాని వాళ్ళ చిన్నమ్మ ఒకరు. భవాని పుట్టి పెరిగిన లంక అది. గోదావరి రెండు పాయల మధ్య నాలుగు వందల పన్నెండు ఇళ్ళు, పదహారు వందల ముప్పై మంది మనుషులు, అరటి తోటలు, గేదెలు. పెద్దన్నయ్య చిట్టబ్బాయి కుటుంబం ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ వరద తర్వాత భవాని ఎనిమిది నెలలు కూర్చుని ఆ ప్రోగ్రాము రాసింది. నదికి ఎగువన నీటిమట్టం ప్రమాదపు గీత దాటగానే లంకలో సైరన్ మోగుతుంది. గీత దాటిన ఐదు గంటలకి గాని నీళ్ళు లంకకి రావు. ఆ ఐదు గంటల్లో లంక ఖాళీ అవుతుంది. అప్పట్నుంచి పది పన్నెండు వరదలొచ్చాయి, ఒక్క ప్రాణం పోలేదు.

అలాంటి ప్రోగ్రాముని కణిక మీద కంపైల్ చేస్తే పదకొండు తప్పులూ మూడు వందల ఆరు హెచ్చరికలూ వచ్చాయి. భవాని వాటిని చక్కగా పట్టిక కట్టి సమీక్షలో పెట్టింది.

పరాంకుశం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఈ హెచ్చరికలు ఎవరు జారీ చేశారు?"

"కంపైలర్ సార్."

"దానికి ఆ అధికారం ఎవరిచ్చారు? ఈ రాష్ట్రంలో హెచ్చరికలు జారీ చేసే అధికారం ఈ డైరెక్టరేట్‌కి మాత్రమే దఖలు పరచబడింది. కిందిస్థాయి ఉపకరణాలు స్వతంత్రించి హెచ్చరికలు జారీ చేయడం క్రమశిక్షణారాహిత్యం. వెంటనే ఆపించండి."

ఆపించడం సులువే. కంపైలర్‌కి ఒక మాట చెబితే నోరు మూసుకుంటుంది. ఆ వారం ప్రగతి నివేదికలో మూడు వందల ఆరు హెచ్చరికలు పరిష్కరించబడినవని రాసుకున్నారు. బొబ్బట్లు పంచారు.

ఇక పదకొండు తప్పులు మిగిలాయి. అవి కంపైలర్ గొంతు నొక్కితే పోయేవి కావు. భవాని దాపరికం లేకుండా చెప్పింది. "తప్పు నాదే సార్. అప్పట్లో పాత లైబ్రరీ ప్రామాణికంలో లేని సౌకర్యాలు కొన్ని అదనంగా ఇచ్చేది. చేతికి అందాయి కదా అని పదకొండు చోట్ల వాడేశాను. ఆ పదకొండు చోట్లా ప్రోగ్రాము మార్చి రాసుకుంటే కణిక మీద నిక్షేపంగా నడుస్తుంది. రెండు వారాల పని. నాకు అనుమతి ఇప్పించండి."

అంత తిన్నగా చెప్పిన మాటకి ఆ హాల్లో అంత గాభరా ఎందుకు పుట్టిందంటే, దాని వెనక ఒక ఆచారం ఉంది. రాసిన కొత్తల్లో ఆ ప్రోగ్రాముకి ప్రభుత్వ ఆమోదం కావాల్సి వచ్చింది. ఆమోదం అంటే కాగితం ఉండాలి. కాబట్టి ప్రోగ్రాము మొత్తాన్నీ మూడు వందల ఎనభై నాలుగు పేజీల మీద అచ్చు తీసి, జీవోకి అనుబంధం మూడుగా కుట్టి, పేజీ పేజీకీ కార్యదర్శి గారి చేత సంతకం పెట్టించి గుండ్రటి ముద్ర కొట్టించారు. ఆ రోజు నుంచి అది ప్రోగ్రాము కాదు, శాసనం. అందులో ఒక కామా కదిపినా ప్రభుత్వ ఉత్తర్వుని దిద్దినట్టే. దిద్దాలంటే సాంకేతిక ఆమోద సంఘం కూర్చోవాలి. సంఘంలో సభ్యులు ముగ్గురు. ఇద్దరు రిటైరై వెళ్ళిపోయారు, ఒకాయన కాలం చేశారు. కోరం ఇద్దరు.

"ప్రోగ్రాము మార్చడానికి వీల్లేదు. కణికని మార్చడానికి అది మనది కాదు. రెంటినీ కలపక తప్పదు" అని పరాంకుశం గారు తల పట్టుకున్నారు.

అప్పుడు లేచారు లా ఆఫీసర్ భుజంగరావు గారు. నుదుట విభూతి, చంకలో ఫైలు, మాటకి ముందు ఒక సన్నని దగ్గు. "అయ్యా, అడిగిన ఫంక్షన్, అనగా ఆ పని చేసిపెట్టే ముక్క, లైబ్రరీలో లేకపోవడమే కదా సమస్య? లేనిదాన్ని ఉన్నట్టు భావించవచ్చును. చట్టంలో దానికి బోలెడు దాఖలాలున్నాయి. పదకొండు ఖాళీ ఫంక్షన్లు సృష్టించి, ప్రోగ్రాముకీ లైబ్రరీకీ మధ్యన ఉంచుదాం. ప్రోగ్రాము ఏ పని అడిగినా, ఆ పని జరిగినట్టే భావించి అవి విజయం అని బదులివ్వవలెను."

"అంటే అవి ఏం చేస్తాయి?" అని అడిగారు పరాంకుశం గారు.

"ఏమీ చెయ్యవు. పిలిస్తే పలుకుతాయి, జరిగిందని చెప్పి వెళ్ళిపోతాయి."

పాతికేళ్ళ సర్వీసున్న వాళ్ళందరికీ ఆ వర్ణన వింటుంటే ఒళ్ళు పులకరించింది. ఎవరో తమ సొంత జీవితం చదివి వినిపిస్తున్నట్టు అనిపించింది పాపం.

భవాని ఒక్కతే లేచి నిలబడింది. "సార్, ఆ పదకొండిట్లో తొమ్మిదోది సైరన్‌ది. లంకకి సంకేతం పంపి, అందిందని అక్కణ్ణుంచి జవాబు వచ్చేదాకా కాచుకుని ఉండే ఫంక్షన్ అది. దాన్ని ఖాళీ చేస్తే సైరన్ మోగదు. మోగిందని మాత్రం ఇక్కడ తెర మీద పడుతుంది."

భుజంగరావు గారు జాలిగా నవ్వారు. "అమ్మా, భావించుట అనేది చాలా బలమైన ప్రక్రియ. బతికున్నవాళ్ళు పోయినట్టు భావించి ఎందరి పింఛన్లు ఆగిపోలేదు? ఆఫ్టరాల్ ఒక సైరన్ మోగినట్టు భావించలేమా?"

"భావిస్తే జనం లేవరండీ!"

"ఉత్తర్వులో ఉన్నది కంపైల్ కావలెను అని. పని చేయవలెను అని ఎక్కడుంది? చూపించండి." ఆయన ఉత్తర్వు తీసి భవాని ముందు పరిచారు. నిజమే, ఎక్కడా లేదు.

ఏం చేస్తుంది? భవాని నోటు మీద నోటు రాసింది. ప్రతి నోటూ నెమ్మదిగా మేడెక్కి, అంతకన్నా నెమ్మదిగా దిగివచ్చింది. పదకొండు ఖాళీ ఫంక్షన్లు మాత్రం ఒక్క పూటలో తయారైపోయాయి. కణిక మీద ప్రోగ్రాము ఒక్క తప్పు లేకుండా, ఒక్క హెచ్చరిక లేకుండా కంపైల్ అయింది. పాత లైబ్రరీని అన్ని మెషీన్లలోంచీ తుడిచేసి, పురోహితుణ్ణి పిలిచి కొబ్బరికాయ కొట్టారు. గడువుకి పదకొండు రోజుల ముందే పని పూర్తయిందని రాజధాని నుంచి అభినందనలొచ్చాయి.

జూలై మూడో వారంలో ఏటా జరిగే సైరన్ పరీక్ష వచ్చింది. హాల్లో పెద్ద తెర ముందు పరాంకుశం గారు మీట నొక్కారు. సైరన్ మోగినది, జవాబు అందినది అని ఆకుపచ్చ అక్షరాలు పడ్డాయి. చప్పట్లు ఆగకముందే భవాని ఫోను మోగింది.

"ఏవే బవానీ, టెస్టు అన్నారు, ఇంకా మోగించరేంటే?" చిట్టబ్బాయి గొంతు. "లంకంతా రేవులో నిలబడి చూత్తన్నాం. ఎండకి మాడిపోతన్నాం!"

భవాని ఫోను స్పీకరులో పెట్టి ఆ మాట హాల్లో అందరికీ వినిపించింది. ఇప్పుడైనా కళ్ళు తెరుస్తారని ఆవిడ ఆశ. పరాంకుశం గారు తెర వైపు చూశారు, ఫోను వైపు చూశారు. రెండిట్లో ఏది ప్రభుత్వానిదో ఆయనకి తెలుసు.

"సైరన్ మోగినట్టు రికార్డు అయింది. వాళ్ళకి వినపడలేదు. అంటే లోపం ఎక్కడుంది?" అన్నారు. జవాబూ ఆయనే చెప్పారు. "చెవుల్లో."

నాలుగో రోజున పడవల మీద పొన్నగంటిలంకకి చెవి వైద్య శిబిరం దిగింది. ముగ్గురు డాక్టర్లు, ఆరుగురు నర్సులు, ఒక బ్యానరు. లంకలో ప్రతి మనిషినీ కూర్చోబెట్టి చెవిలో దీపం వేసి చూశారు. పెద్ద డాక్టరు నిజాయితీపరుడు, అందరి చెవులూ బంగారంలా ఉన్నాయని రాయబోయాడు. కానీ ఆయనకిచ్చిన ఫారంలో లోపం ఎంత శాతం అని అడిగారే తప్ప, లోపం ఉందా అని అడగలేదు. గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ ముందుకి కదలనంది. విసిగిపోయి అందరికీ నలభై శాతం వేశాడు. మర్నాడు రెండు వందల మందికి చెవి మెషీన్లు పంచారు.

"మెషీను పెట్టుకున్నాక గేదె నెమరేత్తుంటే కూడా ఉరుములాగ వినపడతందే" అని చిట్టబ్బాయి ఫోనులో మొత్తుకున్నాడు. "ఇంకో సంగతి. మన పడవకి కన్నం పడిందని కొత్తదానికి అర్జీ పెట్టాం సూడు, దానికి మంజూరైనట్టు బావించబడును అని కాయితం వచ్చింది. పడవేదండీ అని అడిగితే, ఆ కాయితమే పడవంటన్నారు ఆఫీసులో. ఏంటే ఇదంతా?"

భావించే పద్ధతి అప్పటికి ఆఫీసంతా పాకిపోయింది మరి. అర్జీలు మంజూరైనట్టు భావిస్తున్నారు, తనిఖీలు చేసినట్టు భావిస్తున్నారు. పెండింగు ఫైలు ఒక్కటి లేదు. అలాంటి ఆఫీసు ప్రపంచంలో ఇంకోటి ఉండదని పరాంకుశం గారు పొంగిపోయారు. భవాని మాత్రం ఏదో ఒక నోటుకి అనుమతి వస్తుందన్న ఆశతో లంకకి ఇంకా అసలు సంగతి చెప్పలేదు. వర్షాలు పడుతున్నాయి. పైనుంచి ప్రతి ఉదయం నీటిమట్టం అంకెలు వస్తున్నాయి. ఆవిడకి అవి తప్ప ఇంకేమీ కనిపించట్లేదు.

ఆగస్టు ఆరున ఉదయం పది నలభై రెండుకి పైన నీళ్ళు గీత దాటాయి. ప్రోగ్రాము తన పని తాను చేసింది. ఖాళీ ఫంక్షన్ కూడా తన పని తాను చేసింది. సైరన్ మోగినది, జవాబు అందినది. నిబంధనల ప్రకారం సైరన్ మోగిన అరగంటకి లంక ఖాళీ అయినట్టు తెర మీది పటంలో రంగు మారాలి. పదకొండు పన్నెండుకి పొన్నగంటిలంక లేత ఆకుపచ్చగా, చూడముచ్చటగా మారిపోయింది. పత్రికలకి ప్రకటన వెళ్ళిపోయింది.

భవాని అప్పటికే వరండాలో నిలబడి ఫోనులో అరుస్తోంది. "పెద్దన్నయ్యా, గోదారి వచ్చేస్తోంది. అందరినీ లేపి గట్టు మీదికి తీసుకొచ్చెయ్యి. వెంటనే!"

"టెస్టు నాడు లోపం మా సెవుల్లో ఉందన్నారు. ఇప్పుడు మెషీన్లు పెట్టుకున్నా సైరన్ మోగలేదు కదే?" అన్నాడు చిట్టబ్బాయి. "ఇక్కడ ఎండ కాత్తంది. రేవులో నీళ్ళు మెట్టు కూడా ఎక్కలేదు."

"సైరన్ మోగదన్నయ్యా. దాని సంగతి తర్వాత చెబుతాను, నా మాట విను!"

"ఇంటానే. నేను లేత్తాను, నా ఇంటోళ్ళని లేపుతాను. మిగతా లంకంతా లేవాలి కదా? నిరుడూ అంతకుముందూ ఎవరెవరో ఫోన్లు చేసి వరదొచ్చేత్తందని అడావుడి చేత్తే, సైరన్ మోగలేదు, అదంతా ఉత్తదే అని నేనే అందరికీ సెప్పేను. నిజంగా ఉత్తదే అయ్యింది. మా చెల్లెలెట్టిన సైరన్, అది మోక్కుండా గోదారి గడప దాటదు అని సెప్పేను. ఇప్పుడు నేనే పోయి లేవండర్రా అంటే, నీకు మతి పోయిందేంట్రా అంటారు. నువ్వు సైరన్ మోగించవే. మోగితే గంటన్నరలో ఒక్కడు మిగలడు."

భవాని పరుగున హాల్లోకి వెళ్ళి పరాంకుశం గారి ముందు నిలబడింది. "సార్, లంకలో జనం ఉన్నారు. ఒక్కరు కదల్లేదు. ఆ ఒక్క ఫంక్షన్ మార్చనివ్వండి. అరగంట చాలు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

పరాంకుశం గారు నిజంగానే నొచ్చుకున్నారు. ఆయన కఠినాత్ముడేమీ కాదు. "అమ్మా, కాస్త శాంతించు. తెర చూడు, లంక ఖాళీ. ఇప్పుడు మళ్ళీ సైరన్ మోగిస్తే ఏమవుతుందో తెలుసా? ప్రోటోకాల్ ప్రకారం మొదటి సైరన్ అంటే ప్రమాదం, రెండో సైరన్ అంటే ప్రమాదం తొలగింది అని. ఖాళీ చేసిపోయిన జనమంతా మళ్ళీ లంకలోకి వచ్చేస్తారు. నువ్వు వాళ్ళని చంపమంటున్నావు నన్ను."

భవాని ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసింది. కిందికి దిగి మెషీన్ గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది.

ఖాళీ ఫంక్షన్ తీసేసింది. దాన్ని పిలిచే చోటుకి వెళ్ళి, సంకేతం పంపడం, జవాబు కోసం కాచుకోవడం, రాకపోతే మళ్ళీ పంపడం అన్నీ కణికకి వచ్చిన పద్ధతిలోనే కొత్తగా రాసింది. ముప్పై నాలుగు పంక్తులు. కార్యదర్శి గారి సంతకం ఉన్న రెండు వందల పదకొండో పేజీ ఆ ముప్పై నాలుగు పంక్తులతో రద్దయిపోయింది. మొదటిసారి కంపైల్ చేస్తే ఒక తప్పు వచ్చింది. పక్కనే ఒక హెచ్చరిక కూడా వచ్చింది, ఆవిడే కంపైలర్ నోరు మళ్ళీ తెరిపించింది గనక. అది సరిగ్గానే చెప్పింది. రెండూ దిద్దింది. రెండోసారి అయింది.

పదకొండు యాభై ఐదుకి పొన్నగంటిలంకలో సైరన్ మోగింది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా మనుషులంతా గట్టెక్కారు. రెండున్నరకి ఆఖరి పడవలో గేదెదూడలు వచ్చాయి. నాలుగింటికి రేవు కనిపించలేదు, ఆరింటికి అరటి తోటలు కనిపించలేదు. పదహారు వందల ముప్పై మందిలో ఒక్కరు తగ్గలేదు. గట్టు మీద అన్నయ్య ఫోను చేసి లెక్క చెప్పినప్పుడు భవాని మెషీన్ గది నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

విచారణ సంఘం పది రోజుల తర్వాత కూర్చుంది. అధ్యక్షులు భుజంగరావు గారే. ఆయన తేల్చిన విషయాలు ఇవి. లంక పదకొండు పన్నెండుకే ఖాళీ అయినట్టు రికార్డు ఉంది కాబట్టి, ఒంటిగంటన్నరకి గట్టెక్కినవాళ్ళు లంకవాళ్ళు కారు, ఎవరో బయటివాళ్ళు. వాళ్ళకి గట్టు మీది సహాయ శిబిరంలో పెట్టిన పులిహోర అనర్హులకు వడ్డించినట్టు. సదరు ఉద్యోగిని పదకొండు యాభై ఐదుకి మోగించినది రెండో సైరన్ కాబట్టి, పోటెత్తిన వరదలో ప్రమాదం తొలగిందని ఆమె ప్రకటించినట్టు. ఇది అత్యంత బాధ్యతారాహిత్యం. ప్రమాదం తొలగిందన్న సైరన్ విని కూడా జనం ఊరు వదిలి పారిపోవడం పొన్నగంటిలంక వారి అవిధేయతకు నిదర్శనం. వారి వినికిడి లోపాన్ని నలభై నుంచి అరవై శాతానికి పెంచవలసి ఉంది.

"మీ సంజాయిషీ ఏమిటి?" అని అడిగారు ఆయన.

"ఒక్కరు కూడా చనిపోలేదండీ" అంది భవాని.

"దానికి మిమ్మల్నెవరూ తప్పు పట్టడం లేదు" అని భుజంగరావు గారు ఊరడించారు. "అనుబంధం మూడులో రెండు వందల పదకొండో పేజీని పాడు చేశారు. దాని సంగతి చెప్పండి."

చెప్పడానికేముంది. సస్పెన్షన్ కాగితం చేతికిచ్చారు. అదే పూట మెషీన్ గదికి కొత్త తాళం వేయించి, అనధికారిక మార్పుల్ని తొలగించి, ప్రోగ్రాముని పూర్వస్థితికి తెచ్చారు. పదకొండు ఖాళీ ఫంక్షన్లూ మళ్ళీ కొలువుదీరాయి. ఆ నెలాఖరున పరాంకుశం గారికి ప్రాణనష్టం లేని వరద నిర్వహణకి పురస్కారం వచ్చింది. తీసుకోవడానికి వెళ్ళిన ఊరు చల్లటి ఊరు. మఫ్లరు వేసుకున్నారు.

సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి అనుమతి లేకుండా ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు దాటరాదని నిబంధన. భవాని దాటింది. సెప్టెంబరు రెండో వారం ఎండలో పడవెక్కి పొన్నగంటిలంకలో దిగింది. ఇళ్ళల్లో ఇంకా బురద గీతలు కనిపిస్తున్నాయి. జనం ఆవిణ్ణి చూసి ఎదురొచ్చారు. ఒక ముసలావిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "మా సైరనమ్మ వచ్చిందర్రా" అని ఎవరో కేకేశారు. భవానికి ఆ చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది.

చిట్టబ్బాయి గేదెల చావిడి ముందు పలుపుతాళ్ళు పేనుతున్నాడు. చెల్లెల్ని చూసి సంబరపడిపోయి మంచం వాల్చాడు. "సరిగ్గా వచ్చేవే. పైన మళ్ళీ వానలు దంచుతున్నాయంట కదా. ఈసారి కూడా నీ సైరన్ ఉందిలే అని అందరికీ సెప్పేను. ఎవడూ బయపడట్లేదు."

"అన్నయ్యా, దాన్ని నమ్మొద్దు" అంది భవాని. ఆ మాట చెప్పడానికి ఆవిడకి పదిహేడేళ్ళ బలం కావాల్సి వచ్చింది. "నేను మార్చింది తీసేశారు. ఈసారి గోదారి వచ్చినా అది మోగదు. మోగిందని మా ఆఫీసులో రాసుకుంటారు. మీరు ఇక్కడ పడుకుని ఉంటారు. నేను ఇప్పుడు ఆ గదిలోకి వెళ్ళలేను. ఇంటింటికీ తిరిగి ఇదే చెప్పిపోదామని వచ్చాను."

చిట్టబ్బాయి చేతిలో తాడు ఆగిపోయింది. "అది మోగదని మీవోళ్ళకి తెలుసా?" అన్నాడు.

"తెలుసు. కాగితం మీద రాసిచ్చాను."

"ఏవన్నారు?"

"చదివారు. నా దస్తూరీ బాగుందన్నారు."

ఆయన ఆకాశం వైపు చూశాడు. మబ్బు తునక లేదు. రేవులో నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. పిల్లలు అందులో దూకి ఈతలు కొడుతున్నారు. చిట్టబ్బాయి పేనిన తాడు కింద పెట్టి, చావిట్లోకి వెళ్ళి గేదెల్ని ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. "పిల్లల్ని నీళ్ళలోంచి బయటికి రమ్మను" అని భార్యకి కేకేశాడు. "మూటలు కట్టు, గట్టు మీదికి పోతన్నాం."

"ఇప్పుడా?" అందావిడ. "ఎప్పుడొత్తాం మళ్ళీ?"

ఆయన ఇంకో గేదె పలుపు విప్పాడు. భవాని లేచి పక్కింటి గుమ్మం వైపు నడిచింది.